మా ఊరి పేరు పెట్టుకున్న నాగరత్నమ్మ

పుష్య బహుళ పంచమి వస్తే మా ఇంట్లో పొద్దున్నే రేడియో పెట్టేవాళ్లు. తిరువయ్యారు నుంచి త్యాగరాజస్వామి పంచరత్న కీర్తనలు వచ్చే పూట అది. బళేపేటలోని పాత ఇంట్లో నడవాలో చాప పరిచి తాత కూర్చొనేవాడు. అవ్వ వంటింటి గడపకు ఆనుకొని వింటా ఉండేది. కీర్తనలు అయిదూ అయ్యేదాకా ఎవరికీ కాఫీ లేదు. "మన తెలుగు ఇంత బాగా వినాలంటే అరవదేశం దిక్కు చూడాల్సి వచ్చింది" అని తాత ప్రతి ఏడూ అదే మాట అనేవాడు.

మాకు పన్నెండేళ్లప్పుడు అనుకుంటాము, ఒక తూరి అడిగినాము: "తాతా, అక్కడ గుడి ఎవరు కట్టించినారు?" తాత విననట్టు రేడియో గొంతు పెంచినాడు. మధ్యాహ్నం వంటింట్లో అవ్వే చెప్పింది, అదీ మెల్లగా. "మన బెంగళూరు ఆవిడే. భోగం కులం. నగలన్నీ అమ్మి కట్టించిందంట." ఆ తర్వాత బియ్యం ఏరే పనిలో పడిపోయింది. పేరు చెప్పలేదు.

ఆ పేరు బెంగళూరు నాగరత్నమ్మ. గుడిని తలచుకుని దండం పెట్టిన ఇంట్లోనే, కట్టించిన మనిషి పేరు ఎత్తడానికి నోరు రాలేదు. ఈ తూరి ఆమె కథ రాయాలనుకోవడానికి అదొక కారణం. ఇంకొకటి కూడా ఉంది, చివర చెప్తాము.

నాగరత్నమ్మ 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి. తండ్రి వకీలు, బిడ్డ పుట్టినాక వాళ్లను వదిలేసినాడు. దిక్కులేని తల్లీబిడ్డలకు మైసూరులో గిరిభట్ట తిమ్మయ్య అనే సంస్కృత పండితుడు ఆశ్రయం ఇచ్చినాడు. పిల్ల చురుకుదనం చూసి తానే చదువు చెప్పినాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు అన్నీ ఆమెకు చిన్నప్పుడే వంటబట్టినాయి. తర్వాత ఏమయిందో, ఆ గురువుకే ఆ పిల్ల ఎదుగుదల కంటగింపు అయింది. నీడ ఇచ్చిన ఇల్లే వెళ్లగొట్టినట్టు అయింది. పుట్టలక్ష్మి బిడ్డను తీసుకొని మైసూరు వదిలేసింది.

నాగరత్నమ్మకు ఇది మొదటి దెబ్బ. అప్పటికి ఆమె చిన్నపిల్ల. తల్లి మాత్రం చదువు ఆపనివ్వలేదు. ఊళ్లు తిరిగి తిరిగి చివరకు బెంగళూరు చేరుకున్నారు. ఇక్కడ మునుస్వామప్ప అనే వయొలిన్ విద్వాంసుడి దగ్గర ఆమెకు సంగీతం కుదిరింది. ఆయనది వాలాజపేట శిష్యపరంపర. త్యాగరాజస్వామి నేరు శిష్యుడు వాలాజపేట వెంకటరమణ భాగవతార్ నుంచి వచ్చిన పాఠం అది. మైసూరులోనే ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పలేము. ఊరు విడిచిన దారిలో మాత్రం ఆమెకు త్యాగరాజు దొరికినాడు. పదిహేనేళ్లు అటూ ఇటూ వయసులో తల్లి కూడా పోయింది. అప్పటికి చేతిలో పాట ఉంది, చదువు ఉంది. ఆ రెండూ పెట్టుకొని నిలబడింది.

కచేరీలతో పేరు వచ్చినాక మదరాసుకు మారింది. పేరు ముందు బెంగళూరు మాత్రం అట్లే ఉండిపోయింది. పుట్టింది కన్నడ సీమలో, పాడింది ఎక్కువగా తెలుగు, కాపురం ఉండింది తమిళ సీమలో. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం విని పెరిగిన మాలాంటి వాళ్లకు ఆమె పరాయి మనిషిగా అనిపించదు.

ఇక రెండో దెబ్బ గురించి చెప్పాలి. ఆమె కథలో మాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే.

పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరును ఏలిన మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. ఆమె కూడా దేవదాసి కుటుంబం మనిషే. తెలుగులో రాధికాసాంత్వనం అనే శృంగార కావ్యం రాసింది. రాధ తాను పెంచిన ఇళాదేవిని కృష్ణుడికి ఇచ్చి పెళ్లి చేస్తుంది. ఆనక ఆ ఎడబాటు తట్టుకోలేక అలుగుతుంది. కృష్ణుడు వచ్చి ఆమెను ఓదారుస్తాడు. కథ ఇంతే. అయితే కోరికను ఆడమనిషి నోట, ఆడమనిషి వైపు నుంచి చెప్పడం అందులోని కొత్తదనం.

నాగరత్నమ్మ ఈ కావ్యం గురించి తెలుసుకొని అచ్చు ప్రతి సంపాదించింది. 1887లో పైడిపాటి వేంకటనరసు పరిష్కరించిన ప్రతి అది. తర్వాత ఒక వ్రాతప్రతి కూడా చేతికి వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. అచ్చులో కొన్ని పద్యాలు లేవు. కావ్యం మొదట్లో ముద్దుపళని తన గురించి, తన ఇంటి ఆడవాళ్ల పరంపర గురించి చెప్పుకున్న భాగమే ఎగిరిపోయింది. శృంగార పద్యాలు తీసేస్తే ఒక సాకు అయినా చెప్పొచ్చు. ఇంటి ఆడవాళ్ల పేర్లు చెప్పుకున్న పద్యాలు ఎవరికి అడ్డం వచ్చినాయి?

అప్పటికే కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆంధ్ర కవుల చరిత్రములో ఈ కావ్యాన్ని, కవయిత్రి కులాన్ని చులకన చేసి రాసి ఉన్నారు. ఆడవాళ్లు వినరాని మాటలు ఉన్నాయన్నారు. పంతులుగారు సామాన్యులు కారు. వితంతు వివాహాలు జరిపించిన మనిషి, తెలుగులో ఆధునిక వచనానికి దారి వేసిన మనిషి. ఆయన మాట ఎదిరించడానికి పండితులే వెనుకాడే కాలం అది. నాగరత్నమ్మ వెనుకాడలేదు. వావిళ్ల వారి ద్వారా 1910లో పూర్తి ప్రతిని అచ్చు వేయించి, పీఠికలో నేరుగా అడిగింది. సిగ్గు, మర్యాద అనేవి ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా? పంతులుగారు స్వయంగా పరిష్కరించిన వైజయంతీవిలాసంలో ఇంతకన్నా పచ్చిగా లేదా? మగవాళ్లు రాస్తే కావ్యం, వేశ్య రాస్తే బూతు ఎట్లా అవుతుంది? ఆమె అడిగిన దాని సారం ఇది. అప్పటికి ఆమె వయసు ముప్పైరెండేళ్లు.

బదులు వేరే దిక్కునుంచి వచ్చింది. పత్రికలో ఖండన, ఆ వెనక సర్కారుకు ఫిర్యాదు. 1911లో పుస్తకం అశ్లీలమని నిషేధించి ప్రతులు జప్తు చేసినారు. కొందరు పండితులు ఆమె పక్షాన, వావిళ్ల వారి పక్షాన నిలబడి అర్జీలు పెట్టినారు. పని జరగలేదు. ఒక సంగతి గమనించండి: 1887 ప్రతి మీద ఇట్లాంటి కేసు రాలేదు. తెగ్గొట్టిన కావ్యం ఇన్నేళ్లూ మర్యాదగా బతికింది. పూర్తిగా, ఒక దేవదాసి పేరు మీద వచ్చేసరికి నేరం అయింది.

ఆ నిషేధం పోవడానికి 36 ఏళ్లు పట్టింది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులుగారు మదరాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్నప్పుడు ఎత్తేసినారు.

మేము వృత్తికి సాఫ్ట్‌వేర్ టెస్టర్లము. ఏదైనా పడిపోతే, ఎవరి తప్పు అని అడిగే ముందు ఎక్కడ విరిగింది అని చూడడం మా అలవాటు. ఆ కంటితో చూస్తే రాధికాసాంత్వనం పని ఒక చోట విరిగింది. పాఠంలో లోపం లేదు. వాదనలో లోపం లేదు. అయితే పుస్తకం బతకాలంటే ప్రెస్సు ఒప్పుకోవాలి, పత్రికలు ఒప్పుకోవాలి, దొరల కచేరీలో తర్జుమా చేసే గుమాస్తా ఒప్పుకోవాలి. అందరి చేతుల్లోనూ ఉంది, ఆమె చేతిలో తప్ప. ఒక్క కాగితంతో అంతా పోయింది.

నాగరత్నమ్మ ఇట్లా లెక్క వేసుకుందని మేము చెప్పలేము. ఆ తర్వాత ఆమె చేసిన పని చూస్తే మాత్రం, ఈ పాఠం బాగా తలకెక్కించుకున్న మనిషి చేసినట్టే ఉంటుంది.

1921లో ఆమెకు సంగీతంలో గురువైన మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. తిరువయ్యారులో కావేరి గట్టున త్యాగరాజస్వామి సమాధి పాడుపడి, పట్టించుకునే దిక్కు లేకుండా ఉందని అందులో ఉంది. స్వామి 1847లో సిద్ధి పొందినారు. కాకర్లవారి వంశం, మనలాగే ఎప్పుడో తమిళ సీమకు వచ్చి స్థిరపడ్డ తెలుగు ఇల్లు. ఏటేటా ఆరాధన జరుగుతా ఉండింది. అయితే జరిపించే భాగవతుల్లో చిన్న కక్షి, పెద్ద కక్షి అని రెండు వర్గాలు, వాటి మధ్య తగాదాలు. సమాధి మీద కప్పు గురించి ఆలోచించిన వాళ్లు తక్కువ.

నాగరత్నమ్మ తిరువయ్యారు పోయి చూసింది. చందాల పుస్తకం పట్టుకొని తిరగలేదు. ముందు సమాధి చుట్టూ ఉన్న నేల సంగతి తేల్చుకుంది. సొంత డబ్బుతో నేల సంపాదించి, అదే ఏడు పునాది వేయించింది. నగలు అమ్మింది, ఆస్తి కరగదీసింది. గుడి లేచింది. ప్రతిష్ఠ జరిగింది. పుస్తకాన్ని జప్తు చేయొచ్చు. రిజిస్టరు అయిన నేలను, దాని మీద లేచిన రాతిగోడను జప్తు చేయడం అంత సులువు కాదు.

ఇక్కడితో ఆపితే ఇది మామూలు గెలుపు కథ అయ్యేది. అసలు పరీక్ష ఆ తర్వాతే. గుడి కట్టించిన మనిషిని ఆ గుడి ముందర పాడనివ్వలేదు. ఆరాధన చేసే వర్గాల వాళ్లు ఆడవాళ్లు పాడకూడదు, హరికథ చెప్పకూడదు అన్నారు. నగలు, డబ్బు పనికి వచ్చినాయి, గొంతు మాత్రం పనికి రాలేదు.

అప్పటికి ఆమెకు యాభై దగ్గర పడతా ఉంది. 1911లో అయితే వాదించింది. కలంతో ఎదురు నిలిచింది. ఈ తూరి వాదన తక్కువ చేసింది. 1927లో ఆడవాళ్లతోనే మూడో వర్గం మొదలుపెట్టింది. సమాధి వెనక భాగంలో వాళ్లు విడిగా ఆరాధన చేసుకున్నారు. ముందర రెండు మగ వర్గాలు, వెనక ఆడవాళ్ల పాట. పొమ్మనడానికి కుదరదు, నేల ఆమెది. ఏటేటా అట్లే పాడినారు. దేవదాసీ కుటుంబాల్లోని గాయనులు అక్కడికి వచ్చి పాడేవాళ్లు. ఒక ఏడు కాదు రెండేళ్లు కాదు, సుమారు పదమూడేళ్లు ఈ వెనక పాట నడిచింది.

చివరకు 1940 ప్రాంతంలో ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వై. కృష్ణస్వామి వంటి వాళ్లు మధ్య పడి మూడు వర్గాలనూ కలిపినారు. 1941 నుంచి ఒకటే ఆరాధన. ఆడవాళ్లు కూడా స్వామి ముందర పాడొచ్చు. మా తాత రేడియోలో విని మురిసిపోయిన పంచరత్నాల్లో ఆడగొంతులు కలిసి వినిపించడం వెనక ఇంత కథ ఉంది. తాతకు ఇది తెలుసో లేదో, అడిగే వీలు ఇప్పుడు లేదు.

ఆమె అన్నిట్లోనూ గెలిచిందని రాస్తే అబద్ధం అవుతుంది. దేవదాసీ పద్ధతిని చట్టంతో తీసేయాలని డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి మదరాసు శాసనమండలిలో 1927 నుంచి పోరాడింది. ముత్తులక్ష్మి తల్లి కూడా దేవదాసీ కుటుంబం నుంచి వచ్చిన మనిషే. చిన్నపిల్లలను గుడికి అంకితం చేసే ఆచారం వెనక ఎంత అన్యాయం జరిగిందో ఆమెకు ఇంటి అనుభవంగా తెలుసు. నాగరత్నమ్మ దీనికి ఎదురు నిలబడింది. మేము కళాకారులము, మాకు ఆస్తి హక్కు ఉంది, చదువు ఉంది, అందరినీ ఒకే గాటన కట్టి వేశ్యలు అనొద్దు అని వాదించింది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. 1947 చివర్లో మదరాసు దేవదాసీ చట్టం వచ్చింది. పిల్లలను అంకితం చేయడం చట్టవిరుద్ధం అయింది, అది జరగవలసిందే. దాంతోపాటు ఆ ఇళ్ల ఆడవాళ్లకు ఉన్న విద్య, పేరు, నిలువ నీడ కూడా చాలామందికి చేజారిపోయింది. పుస్తకానికి స్వేచ్ఛ వచ్చిన ఏడే ఈ చట్టం కూడా వచ్చింది.

1949లో నాగరత్నమ్మ వీలునామా రాసింది. ఆస్తిని ట్రస్టుకు అప్పగిస్తూ, త్యాగరాజస్వామి సన్నిధిలో పూజ చేయడానికి, పాడడానికి ఆడవాళ్లకు, అందులో దేవదాసీ కుటుంబాల వాళ్లకు కూడా హక్కు ఉండాలని షరతు పెట్టింది. నోటిమాట మీద వదలలేదు. రేపు ఎవరో వచ్చి వద్దంటే చూపించడానికి కాగితం ఉండాలి. 1952 మే 19న తిరువయ్యారులోనే కన్నుమూసింది. స్వామి సమాధికి దగ్గరలోనే ఆమె సమాధి కూడా ఉంది. స్వామివైపు తిరిగి చేతులు జోడించిన ఆమె విగ్రహాన్ని అక్కడికి పోయినవాళ్లు చూసే ఉంటారు.

ఇప్పుడు రెండో కారణం.

పోయిన ఏడు మేము పనిచేసే చోట మా ప్రాజెక్టు ఒక్క పూటలో మూతపడింది. పొద్దున మీటింగు, మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేసినాము. పదకొండేళ్ల పని. కొన్నాళ్లు ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే స్నానం చేసి, బ్యాగు భుజాన వేసుకొని, లైబ్రరీకి పోయి కూర్చొని సాయంత్రం వచ్చేవాళ్లము. నవ్వుకోవడానికి ఇప్పుడు బాగుంది, అప్పుడు నవ్వు రాలేదు.

ఆ లైబ్రరీలోనే రాధికాసాంత్వనం చదవడం మొదలుపెట్టినాము. మేము కన్నడ మాధ్యమంలో చదివిన వాళ్లము. తెలుగు అక్షరాలు ఇరవై దాటినాక నేర్చుకున్నాము. కన్నడం వచ్చినవాళ్లకు తెలుగు లిపి వారం పది రోజుల పని. తలకట్టు కాస్త వేరు, మిగతా అక్షరాలు అక్కచెల్లెళ్లు. చదవడం వచ్చినంత మాత్రాన కావ్యం అర్థం కాదు కదా. నిఘంటువు పక్కన పెట్టుకొని రోజుకు నాలుగైదు పద్యాలు. ముద్దుపళని తన ఇంటి ఆడవాళ్ల పేర్లు చెప్పుకున్న చోటికి వచ్చినప్పుడు, ఈ పేర్లే కదా ఒకప్పుడు ఎగరగొట్టినారు అని గుర్తుకొచ్చి ఆగిపోయినాము.

ఎందుకంటే ఆ రోజుల్లోనే ఖాళీగా ఉండలేక మా వంశవృక్షాన్ని కంప్యూటర్లో ఎక్కిస్తా ఉన్నాము. ఈ పుటల్లో దాన్ని మీరంతా చూసినారు, మెచ్చుకున్నారు. ఏడు తరాలు, అరవైకి పైగా పేర్లు. టెస్టర్ కదా, చివర్లో ఒకసారి సరి చూసినాము. అందులో ఒక్క ఆడమనిషి పేరు లేదు. ముత్తాతకు ముగ్గురు కొడుకులు అని ఉంది. వాళ్లను కన్నది ఎవరో లేదు. బియ్యం ఏరతా నాగరత్నమ్మ గురించి మాకు మొదట చెప్పిన అవ్వ పేరు కూడా లేదు. అది మేమే తయారు చేసిన చెట్టు. ఎవరూ తీసేయమని అనలేదు. పాత కాగితాల్లో లేదు కాబట్టి మేమూ పెట్టలేదు. 1887 ప్రతిని తప్పు పట్టే మొహం మాకు ఎక్కడిది?

ఇంకొకటి కూడా తోచింది. ఇన్నాళ్లూ ఇక్కడ మేము రాసినవన్నీ మంచి సంగతులే. పెద్దలు ఎట్లా వలస వచ్చినారు, ఇల్లు ఎట్లా కట్టినారు, ఏ పెళ్లికి ఎన్ని వందల మంది వచ్చినారు. అంగడి మూసేసిన ఏడు గురించి రాయలేదు. చదువు మధ్యలో మానేసిన చిన్నాన్న గురించి రాయలేదు. పుట్టింటికి తిరిగి వచ్చి, కుట్టుమిషను మీద నలుగురు పిల్లలను చదివించిన పెద్దత్త గురించి అసలే రాయలేదు. పడిన సంగతి దాచిపెడితే లేచిన సంగతి కూడా దాగిపోతుంది. నాగరత్నమ్మ విషయంలో తాత చేసింది అదే, మేము చేస్తా ఉన్నదీ అదే.

ఐదు నెలలకు మాకు వేరే పని దొరికింది. జీతం ముందుకన్నా కొంచెం తక్కువ, ఇంటికి దగ్గర. ఇప్పుడు ఆదివారాలు వంశవృక్షం పని నడుస్తా ఉంది. ఇప్పటివరకు పంతొమ్మిది ఆడ పేర్లు చేరినాయి. కొన్నిటికి ఇంటిపేరు తెలీదు, కొన్నిటికి పుట్టిన ఊరు తెలీదు. ముత్తవ్వను అందరూ "చింతామణి అవ్వ" అనేవాళ్లు, అది ఊరి పేరు. ఆమె సొంత పేరు ఏమిటో ఎవరికీ గుర్తు లేదు. మన బంధువుల్లో ఎవరికైనా తెలిసి ఉంటే చెప్పండి. పాత పెళ్లి పత్రికల్లో, తిథి రాసుకున్న పంచాంగాల్లో, ఇత్తడి పాత్రల మీద చెక్కిన పేర్లలో ఒకసారి వెతకండి. ఆ గడి ఖాళీగానే పెట్టినాము, మూసేయలేదు.

మా అవ్వ పేరు మాత్రం ఎక్కించేసినాము. నరసమ్మ.